తమ్ముడి బండి ఆపిన చోటల్లా

హైటెక్ సిటీ చూసి వచ్చినవాళ్ళు అద్దాల మేడల గురించీ, దుర్గం చెరువు మీది తీగల వంతెన గురించీ చెబుతారు. నేనూ అవన్నీ చూశాను. కాకపోతే రోడ్డు పక్కన నిలబడి, చేతిలో హెల్మెట్ పట్టుకుని, మా తమ్ముడి సంచిని ఎవరో తడుముతుంటే చూశాను. అందుకని ఏ మేడకు ఎన్ని అంతస్తులో నన్ను అడగకండి. ఏ కూడలిలో ఎంతసేపు నిలబెట్టారో మాత్రం చెప్పగలను.

నేను ప్రొద్దుటూరులో తెలుగు టీచర్ని. తమ్ముడు ఓబులేసు హైదరాబాదులో అపార్టుమెంట్లకు సీసీ కెమెరాలు బిగిస్తాడు. పదకొండేళ్ళ నుంచీ అదే పని. ఈసారి రాయదుర్గంలో ఒక పెద్ద ఆఫీసు ఆవరణలో కెమెరాల బాగోగులు చూసే ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఒక్క కాగితం తక్కువైంది. వాడి మీద ఏ కేసూ లేదని పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్ అది. దసరా మరుసటి రోజు పదకొండింటికి విచారణకు స్టేషనుకు రమ్మన్నారట.

"నువ్వు రొంత పక్కనుంటే ధైర్యంగా ఉంటాది అక్కా" అన్నాడు ఫోనులో.

గ్యాస్ కట్టానో లేదోనని వీధి చివరిదాకా పోయి వెనక్కొచ్చే మనిషిని నేను. నన్ను ధైర్యానికి పిలిచాడంటే వాడి పరిస్థితి ఎలా ఉందో అర్థమైంది. దసరా సెలవులు ఇవ్వగానే రైలెక్కాను.

లింగంపల్లి

తెల్లవారాక లింగంపల్లిలో దిగాను. ఓబులేసు రెండో హెల్మెట్ తెచ్చి, స్టేషను బయట నల్ల బండి పక్కన నిలబడి ఉన్నాడు. మనిషి నల్లగా, సన్నగా ఉంటాడు. గడ్డం పెంచాడు. ఎడమ చెవికి పోగు. చిన్నప్పుడు జబ్బు చేస్తే అమ్మ మొక్కుకుని కుట్టించిన పోగు అది. బండికి ఇంకా మా కడప నంబరే ఉంది. భుజాన వైర్లూ డ్రిల్లింగ్ మిషనూ ఉన్న పెద్ద నల్ల సంచి. వాణ్ణి చంకనెత్తుకుని తిరిగినదాన్ని కాబట్టి నాకు వాడిలో భయపడాల్సిందేమీ కనిపించదు.

అక్కడినుంచి చందానగర్ ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలోనే ఆపారు. మా ముందు ఒక బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళారు. వెనకవాడికి హెల్మెట్ లేదు. ఇద్దరి మెడల్లోనూ ఆఫీసు గుర్తింపు కార్డులు గాలికి ఎగురుతున్నాయి. కానిస్టేబులు వాళ్ళను చూసి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. రెండు హెల్మెట్లతో వస్తున్న మమ్మల్ని చూసి అదే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండి పక్కకు తియ్. ఏడికెళ్ళి వస్తున్నవ్?"

"స్టేషన్ నుంచి సార్. మా అక్క ఊరినుంచి వచ్చింది."

"బ్యాగుల ఏమున్నయ్?"

వైర్లు తీయించారు. స్క్రూడ్రైవర్లు తీయించారు. తర్వాత నా స్టీలు డబ్బా దగ్గరికి వచ్చారు.

"గీ డబ్బల ఏముంది?"

"ఓళిగలు" అన్నాను.

"గవేంది?"

"బొబ్బట్లు సార్. పప్పూ బెల్లం పెట్టి…"

"ఓ, పోలెలా" అన్నాడాయన. మొహంలో ఒక్క క్షణం మనిషి కనిపించాడు. ఆ ధైర్యంతో, తీసుకోండి సార్ అని డబ్బా ముందుకు చాపాను. చాపాక, ఇది లంచం కింద లెక్కేస్తే ఏం గతి అని భయమేసింది. ఆయన తీసుకోలేదు. తన ఫోను తీసి "ఇటు చూడు" అని తమ్ముడి ఫోటో, బండి ఫోటో తీసుకున్నాడు. నన్ను మాత్రం తీయలేదు.

"ఎందుకాపినారు?" అని బండెక్కాక అడిగాను.

"నువ్వు గమ్మునుండు అక్కా. ఎందుకని అడిగితే ఇంకో అర్ధగంట నిలబెడతారు" అన్నాడు ఓబులేసు.

చందానగర్

వాడు కిరాయికి ఉండేది మార్కెట్టు వెనక సందులో, యాదమ్మ గారింటి మేడ మీద. యాదమ్మ పుట్టింది ఇక్కడే. చందానగర్ పొలాలుగా ఉన్నప్పుడు జొన్న కోసిన మనిషి. నేను మెట్లెక్కుతుండగానే ఎదురొచ్చి నా చేతిలో డబ్బా అందుకుంది.

"జర కూసో టీచరమ్మా. మొఖం గట్ల వాడిపోయిందేంది? తొవ్వల ఆపిండ్రా?"

ఆపారన్నాను.

"ఆపుతరు. నీ తమ్ముడు ఇంటికి లేటయితే నేను దవాఖాన అనుకోను, పోలీసోళ్ళే అనుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. అలా అన్నాక ఫికరు చేయకుండా ఉండటం ఎవరి తరం?

మధ్యాహ్నం మార్కెట్టుకు వెళ్ళాం. చింతకాయలు కిలో నూట ఇరవై అంటే మా ఊళ్ళో చెట్టు కిందకు పోతే ఉత్తినే వస్తాయని అనబోయి ఊరుకున్నాను. కరివేపాకు ఇక్కడ కూడా కొసరు వేస్తారని తెలిసి మాత్రం నా మనసు కొంచెం కుదుటపడింది.

సాయంత్రం గది సర్దుతుంటే మంచం కింద పొడుగాటి గీతల నోటు పుస్తకం దొరికింది. తేదీ, చోటు, అడిగినవి, ఆపిన కారణం అని నాలుగు గడులు గీసి ఉంది. అక్షరాలు వాడివే, కోడి కెలికినట్టు. మొదటి మూడు గడుల్లో రకరకాలు. ఒకచోట సంచి వెతికారు, ఒకచోట ఫోనులో మెసేజీలు చూపమన్నారు, ఒకచోట చెవిపోగు ఎందుకన్నారు. నాలుగో గడిలో మాత్రం పేజీ పొడుగునా ఒకటే మాట: "చెప్పలేదు." అయిదారు వరుసల తర్వాత రాసి రాసి విసుగొచ్చి కింద పైమాటే అన్నట్టు గుర్తులు పెట్టుకుంటూ పోయాడు.

"మేమంతా రాస్తాండాం అక్కా. బండ్ల మీద పని చేసేటోళ్ళం ఒక ముప్పై మంది" అన్నాడు.

"ఆ ఫోటోలు తీసుకుంటారే, అవి యాడికి పోతాయి?"

"తెలీదు."

"సర్టిఫికెట్ రాసేటప్పుడు అవన్నీ బయటికొస్తాయా?"

"అదే తెలీదక్కా" అన్నాడు. వాడు నన్నెందుకు పిలిచాడో అప్పుడు పూర్తిగా అర్థమైంది. తప్పు చేసినవాడికి ఏ తప్పు బయటపడుతుందో తెలిసి ఉంటుంది. వీడికి ఆ పాటి నిబ్బరం కూడా లేదు.

నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి

మర్నాడు వాడికి నల్లగండ్లలో ఒక అపార్టుమెంటులో పని. నేనూ వెనకెక్కాను. అక్కడ గేటు కాపలావాడు వాణ్ణి సామాన్లెక్కించే సర్వీసు లిఫ్టులోనే పొమ్మన్నాడు. ఆ లిఫ్టులోని కెమెరా బిగించింది వీడేనట. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

పని ముగించుకుని గచ్చిబౌలి మీదుగా వెళ్తూ రోడ్డు పక్క జొన్నరొట్టెల బండి దగ్గర ఆగాం. రొట్టె ఇరవై రూపాయలు, పప్పుకూర ముప్పై. కార్లు దిగివచ్చి తింటున్నారు. మా వైపు జొన్నరొట్టె కొనుక్కు తింటానంటే ఇంట్లో పొయ్యి లేదా అని అడుగుతారు. కానీ ఆ రొట్టె మెత్తగా, మా అమ్మ చేతి రొట్టె కంటే పలచగా ఉంది. చేసే ఆమె పాలమూరు నుంచి వచ్చిందట. నా పక్కన తింటున్న వాళ్ళందరి మెడల్లో కార్డులే. పచ్చ పట్టీ, నీలం పట్టీ, ఎర్ర పట్టీ.

"వీళ్ళు తినేటప్పుడు కూడా తియ్యరా?" అన్నాను.

"ఎందుకు తీస్తరమ్మా? గా కార్డుంటే పోలీసోళ్ళు ఆపరు" అంది ఆమె రొట్టె తడుతూ. "మా ఆయన జాబు పోయి రెండేండ్లాయె. పాత కంపెనీ కార్డు ఇప్పటికీ మెడలేసుకునే బండెక్కుతడు."

మా పల్లెల్లో పిల్లలకు తాయెత్తు కట్టినట్టే అనిపించింది. నా దగ్గర బడి వాళ్ళిచ్చిన కార్డొకటి ఉంది, అది వాడి మెడలో వేద్దామా అని నిజంగానే ఆలోచించాను. ఫోటోలో నేనుంటానని ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆ రోజు రెండుసార్లు ఆపారు. రెండోసారి తీగల వంతెన దిగేచోట. జనం వంతెనకు ఫోటోలు తీసుకుంటున్నారు, కానిస్టేబులు మా తమ్ముడికి తీస్తున్నాడు.

నిజాంపేట

మూడో రోజు నిజాంపేటలో, విద్యార్థుల హాస్టళ్ళ మధ్య ఒక టిఫిన్ బండి దగ్గర, పుస్తకాలు రాసే ఆ బండ్లవాళ్ళ సమావేశం జరిగింది. ఎనిమిది మంది వచ్చారు. దోసెలు బాగున్నాయి కానీ చట్నీలో చక్కెర వేశారు. మా ప్రొద్దుటూరులో కారం దోసె తిన్న నోటికి అది దోసె అనిపించలేదు.

అందరికీ పెద్ద సత్తిబాబు. భీమవరం మనిషి, తిండి పొట్లాలు చేరవేస్తాడు. "టీచరు గారండి, మీరొచ్చారు కదండి, ఈ అర్జీ కొంచెం దిద్దిపెట్టండి. పండగెళ్ళాక ఓబులేసు ఎటూ స్టేషనుకి వెళ్తున్నాడు, అక్కడే ఇచ్చేద్దామండి" అన్నాడు.

అర్జీ మొదటి వాక్యమే ఇలా ఉంది: "మమ్మల్ని ఆపడం ఆపండి." ఎర్ర కలం చేతిలో ఉంటే నేను ఎవరి మాటా వినను.

"అసలు ఆపొద్దంటే దొంగను కూడా ఆపొద్దన్నట్టే కదయ్యా? మీకు కావలసింది అదేనా?"

"కాదండి. ఊరికే ఆపొద్దని."

"ఊరికే అని ఎట్లా తెలుస్తుంది?"

చివరికి ఓబులేసే అన్నాడు: "కారణం చెప్తే తెలుస్తాది."

ఆ మాట పట్టుకుని అర్జీ మొత్తం తిరగరాశాను. ఆపితే ఎందుకు ఆపారో చెప్పండి. ఆ కారణం ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. బండి రంగు, నంబరు ఏ జిల్లాది, గడ్డం, చెవిపోగు, భుజాన సంచి, ఇవి కారణాలు కావు. ఫోటో తీస్తే ఎందుకో, ఎక్కడ దాస్తారో చెప్పండి. ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. ఇద్దరు తమ పేరు వద్దని మొదట వెనక్కి తగ్గి, దోసెలు తిన్నాక పెట్టారు. అర్జీ నా చేతిసంచిలో పెట్టుకున్నప్పటి నుంచి ఆ సంచి బరువైంది. సర్టిఫికెట్ కోసం వెళ్ళిన చోటే ఫిర్యాదు ఇవ్వడమేంటని ఇంటికొచ్చేదాకా సణిగాను.

పండగనాడు

విజయదశమి పొద్దున యాదమ్మా నేనూ కలిసి బండికి పూజ చేశాం. ఆమె నిమ్మకాయలు కట్టింది. నేను పసుపు పూసి బొట్లు పెట్టాను. మా ఇంట్లో ఏ వస్తువుకైనా బొట్టు పెట్టే పని నాదే. ముందు చక్రానికి, లైటుకు, వెనక నంబరు పలకకు. తమ్ముడి మీద ఎవరి కన్నూ పడకూడదని ఆ పలక మీద కాస్త ధారాళంగానే పెట్టాను. తడి పసుపు, దాని మీద కుంకుమ. ఎండకు గట్టిగా అంటుకుపోయింది.

సాయంత్రం యాదమ్మ జమ్మి ఆకు మా చేతుల్లో పెట్టి, "బంగారం తీస్కోండ్రి. రేపు నీ తమ్మునికి కాయిదం అస్తది, చూడు" అంది. ఆ ఆకును పర్సులో దాచుకున్నాను.

కొండాపూర్ దారిలో

మరునాడు తొమ్మిదిన్నరకే బయలుదేరాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకోమంటే వినలేదు. "గడ్డంతోనే ఫోటోలు ఉండాయి, ఇప్పుడు తీస్తే వేషం మార్చినాననుకుంటారు" అన్నాడు. అది నిజమేననిపించి నా భయాలకు ఇంకొకటి తోడైంది.

కొండాపూర్ దగ్గర ఆపారు. కానిస్టేబులు వెనక్కి వెళ్ళి నంబరు చూసి ఫోనులో కొట్టాడు. మళ్ళీ చూసి మళ్ళీ కొట్టాడు. ఇంకొకాయన్ని పిలిచాడు.

"గీ నంబరు మీద స్కూటీ చూపిస్తున్నది. ఎవలో ఆడామె పేరుంది. బండి ఎక్కడిది?"

"నాదే సార్. ఆర్‌సీ చూడండి."

"ప్లేటు మార్చినవా?"

తాళం తీసేసుకున్నారు. ఓబులేసు ఆర్‌సీ పట్టుకున్న చెయ్యి దించనేలేదు. పదకొండేళ్ళలో ఇంత పెద్ద మాట ఎవరూ అనలేదట, తర్వాత చెప్పాడు. పదకొండింటికి స్టేషనులో పని ఉందని వాడు అంటే, "మంచిదే, గాడికే పోదాం పా" అని వాణ్ణి జీపులో ఎక్కించుకున్నారు. ఇంకొకతను మా బండి నడుపుకుంటూ ముందు పోయాడు. నేను ఆటోలో వెనకపడ్డాను. ముందు పోతున్న బండి వెనక పలకనే చూస్తున్నాను. ఆటో బాగా దగ్గరికి వెళ్ళినప్పుడు అంకెలు చదివాను.

చివరి అంకె మూడు. దాని నోటికి అడ్డంగా నేను పెట్టిన బొట్టు ఎండి, మూడు కాస్తా ఎనిమిదై కూర్చుంది.

స్టేషను

లోపలికి ఎలా నడిచానో నాకు తెలియదు. ఓబులేసును బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక ఎదురుగా ఉన్న అందరికీ చెప్పేశాను. "సార్, అది నేను పెట్టిన బొట్టు. వాడికేమీ తెలియదు. నేనే పెట్టాను. పెద్దగా పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. నంబరు పలక కనిపించకుండా చేయడం కూడా నేరమేనమ్మా అన్నారు ఒకాయన. అది నిజమే కావచ్చు, ఒప్పుకున్నాను. లోపలి గదిలోంచి ఎస్సై వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. విషయం విని, "కావాలని చేసిండో, తెల్వక చేసిండో మాకెట్ల తెలుస్తదమ్మా? కెమెరాలు తప్పించుకుందామని ఇట్లనే చేస్తరు" అన్నాడు.

నేను సమాధానం వెతుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూశాను. ఆవరణలో వాళ్ళ జీపు ఉంది. ఆయుధపూజ బాగానే చేశారు. రెండు వైపులా అరటి పిలకలు, ముందు బంతిపూల దండ, పలక నిండా పసుపు, దాని మీద మూడు పెద్ద బొట్లు.

ఇంకొకరోజైతే నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు భయం గొంతుదాకా వచ్చి, ఇక పైకి పోయే దారి లేక మాటైపోయింది.

"సార్, ఆ జీపు నంబరెంతో రొంత చదివి చెప్తారా?"

ఎస్సై చూశాడు. గుమ్మందాకా వెళ్ళి వంగి చూశాడు. దండ పక్కకు తీసి మళ్ళీ చూశాడు. ఓబులేసు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, నేను వాడి ఉద్యోగం అక్కడికక్కడ ముంచేశానని అనుకున్నాడట.

ఒక మహిళా కానిస్టేబులు లేచి, తడిగుడ్డ తీసుకుని బయటికి వెళ్ళింది. ముందు జీపు పలక తుడిచింది. తర్వాత మా బండి పలక తుడిచింది. మళ్ళీ ఫోనులో కొట్టి, "సార్, గీ పిలగానిదే" అని కేకేసింది.

తాళం ఇచ్చేశారు. అక్కడే విచారణ కూడా ముగించారు. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నావు, ఎక్కడ కిరాయి, ఏం పని. అంతే. అప్పుడు నేను అర్జీ తీశాను.

ఎస్సై మొత్తం చదివాడు. "తెలుగు మంచిగ రాసిండ్రు" అన్నాడు. కాగితం మడిచి, "ఆపినప్పుడు కారణం చెప్పుమని మావోళ్ళకు పొద్దున హాజరు తీస్కునేటప్పుడు చెప్త. చీటీ రాసిచ్చుడు నా చేతుల లేదు. పైకి పంపిస్త" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ తీసిన ఫోటోలు సార్?" అన్నాను.

ఆయన బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ని పిలిచాడు. అర్జీ మీద ముద్ర వేయించి నకలు మాత్రం ఇప్పించాడు.

బయటికొచ్చాక ఓబులేసు రోడ్డు పక్కనే నిలబడి పుస్తకం తీసి రాసుకున్నాడు. తొంగిచూశాను. నాలుగో గడిలో మొదటిసారి కారణం ఉంది: "అక్క పెట్టిన బొట్టు." నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. వాడు నన్ను ఓదార్చాల్సి వచ్చింది. ధైర్యానికి పిలిపించుకున్న మనిషినని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ప్రొద్దుటూరు

తిరిగొచ్చి వారాలు గడిచాయి. రోజూ ఫోను మోగితే వాడేనేమోనని పరుగెత్తేదాన్ని. చివరికి సర్టిఫికెట్ వచ్చింది, ఏ కేసూ లేదని. పర్సులో జమ్మి ఆకు అప్పటికి పొడిపొడి అయిపోయింది. ఓబులేసు ఉద్యోగంలో చేరాడు. నీలం పట్టీ ఉన్న కార్డు మెడలో వేసుకుని ఫోటో పంపాడు. అదే గడ్డం, అదే పోగు, అదే నల్ల బండి, అదే కడప నంబరు.

సత్తిబాబును మాత్రం ఆ వారంలోనే మూడుసార్లు ఆపారట. ఒకచోట కారణం చెప్పారట కూడా. అనుమానం, అన్నారట. దేని మీద అనుమానమండీ అంటే చెప్పలేదట. చీటీ సంగతి పైనుంచి ఇంకా కిందికి రాలేదు.

నిన్న ఓబులేసు తన పుస్తకంలో ఒక పేజీకి ఫోటో తీసి పంపాడు. ఉద్యోగంలో చేరాక కూడా రాస్తున్నాడని నాకు తెలియదు. రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది, కానీ దిద్దడానికి తప్పేమీ కనిపించలేదు.

"చోటు: లింగంపల్లి, కొండాపూర్, రాయదుర్గం. అడిగినవి: ఏమీ అడగలేదు, పొమ్మని చెయ్యి ఊపినారు. ఈ రోజు ఆపలేదు. కారణం: చెప్పలేదు."